ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు రొమ్ముల ఆరోగ్యాన్ని గమనించుకోవడం ఎలా?

చేతికి ఏదో తగిలి, అర్ధరాత్రి నెట్‌లో వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చుంటే ముందు ఒక్క మాట. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలకు రొమ్ములో తగిలే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. అలాగని వదిలేయమనడం లేదు, చూపించుకోవాల్సిందే, కానీ దానికోసం ఈ రాత్రి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. నేరుగా కింద 'గడ్డ తగిలితే' అన్న చోటికి వెళ్లిపోండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇంకా ఏమీ తగలని వాళ్ల పని వేరు. మీరు క్యాన్సర్ కోసం వెతకడం లేదు, మీ రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో తెలుసుకుంటున్నారు, అంతే. అది తెలిస్తేనే ఏదైనా మారినప్పుడు తెలుస్తుంది. ఈ వయసులో మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) లాంటి స్క్రీనింగ్ మామూలుగా ఎవరూ చేయరు కాబట్టి, తేడా వస్తే మొదట పసిగట్టేది దాదాపు ఎప్పుడూ ఆ అమ్మాయే. అరుదుగా నిజంగా క్యాన్సర్ అయిన సందర్భాల్లో ఆలస్యం జరిగేది కూడా 'ఈ వయసులో ఏముంటుందిలే' అని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ తేలిగ్గా తీసేయడం వల్లే.

మామూలుగా ఉండేవి ఇవి

రెండు రొమ్ములూ ఒకే సైజులో ఉండాలని రూలేమీ లేదు. చాలామందికి ఒకటి, ఎక్కువగా ఎడమది, కాస్త పెద్దగానే ఉంటుంది. చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం మీద చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి, అవి నూనె ఊరే గ్రంథులు, మొటిమలనుకుని గిల్లకండి. అక్కడ నాలుగు వెంట్రుకలు ఉండడమూ మామూలే. కొందరికి మొదటి నుంచీ చనుమొన లోపలికే ఉంటుంది, అందులో జబ్బేమీ లేదు. మొన్నటిదాకా బయటికి ఉన్నది ఇప్పుడు లోపలికి లాక్కుపోయిందంటే మాత్రం అది వేరే సంగతి.

లోపల ఉండేది కొవ్వు ఒక్కటే కాదు. పాలు తయారయ్యే గ్రంథులు, ఆ పాలను చనుమొన దాకా తెచ్చే నాళాలు, వీటన్నిటినీ పట్టి ఉంచే పీచు లాంటి కణజాలం, మధ్య మధ్యలో కొవ్వు. చిన్న వయసులో గ్రంథులూ పీచే ఎక్కువ, అందుకే ఎక్కడ నొక్కినా ముడులు ముడులుగా, గట్టిగట్టిగా తగులుతుంది. చంక వైపు పై భాగంలో ఇది ఇంకా ఎక్కువ, గ్రంథులు అక్కడే గుమిగూడి ఉంటాయి కాబట్టి. రొమ్ము కింది అంచున, బ్రా వైరు ఆనే చోట, అడ్డంగా ఒక గట్టి కట్ట తగులుతుంది. మొదటిసారి చేత్తో చూసుకున్నవాళ్లు ఎక్కువగా బెదిరేది దీన్ని చూసే.

అనుమానం వస్తే అదే చోట రెండో వైపు కూడా నొక్కి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే చాలావరకు అది మీ శరీరం తీరే. ఒక్క వైపే, ఒక్క చోటే, చుట్టుపక్కల దానికంటే తేడాగా ఉంటే అప్పుడు దాన్ని పట్టించుకోవాలి.

ఇంకోటి, కొంతమందికి చంకలో కూడా కాస్త రొమ్ము కణజాలం ఉంటుంది. పీరియడ్స్ ముందు అది ఉబ్బి నొప్పెడుతుంది, తర్వాత తగ్గిపోతుంది.

ఎప్పుడు చూసుకోవాలి

పీరియడ్స్ మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కేసుకుంటే, ఏడో రోజు నుంచి పదో రోజు లోపు మంచి సమయం. పీరియడ్స్‌కు ముందు వారం హార్మోన్ల వల్ల రొమ్ముల్లో నీరు చేరి, బరువుగా, ముట్టుకుంటే నొప్పిగా, గడ్డలు గడ్డలుగా ఉంటాయి. అప్పుడు చూసుకుంటే లేనిపోని టెన్షన్ తప్ప ఏమీ తేలదు. పీరియడ్స్ ఎప్పుడొస్తాయో చెప్పలేని వాళ్లు, పీసీఓడీ ఉన్నవాళ్లు, అసలు పీరియడ్స్ రానివాళ్లు ఏదో ఒక తేదీ అనుకుని ప్రతిసారీ ఆ తేదీకే చూసుకుంటే పోలిక సులువవుతుంది. పాలిచ్చే తల్లులైతే బిడ్డ తాగేశాక, రొమ్ము ఖాళీ అయ్యాక.

ఎన్నాళ్లకోసారి? ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నెలనెలా తప్పకుండా చేసి తీరాలని బెదిరించేవాళ్లు చాలామంది ఉన్నారు. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మందికి పైగా మహిళలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2002లో వచ్చాయి. సగం మందికి స్వీయ పరీక్ష పద్ధతిగా నేర్పి గుర్తుచేస్తూ వచ్చారు, మిగతావాళ్లకు నేర్పలేదు. ఏళ్ల తరబడి గమనించాక చూస్తే రొమ్ము క్యాన్సర్ మరణాల్లో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు, కానీ నేర్పిన గుంపులో క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్షలు) ఎక్కువయ్యాయి. అందుకే ఇప్పుడు చాలా వైద్య సంస్థలు నెలనెలా పరీక్ష అని పట్టుబట్టవు, మీ శరీరం మీకు పరిచయంగా ఉండాలని మాత్రమే అంటాయి. నా మటుకు నేను చెప్పేది కూడా అదే. మొదటి రెండు మూడు నెలలు శ్రద్ధగా చూసుకోండి, మీ రొమ్ముల తీరు చేతికి అలవాటవుతుంది, ఆ తర్వాత స్నానం చేసేటప్పుడో బట్టలు మార్చుకునేటప్పుడో అప్పుడప్పుడు ఒక చూపు వేస్తే చాలు. ఒక నెల మర్చిపోతే కొంపలేమీ మునగవు. రోజూ నొక్కి నొక్కి చూసుకునేవాళ్లకు మాత్రం ఒక మాట, రోజూ చూస్తే నెమ్మదిగా వచ్చే మార్పు అసలు తెలియదు, నొక్కిన చోటల్లా నొప్పి మాత్రం మిగులుతుంది.

ముందు అద్దంలో

నడుము దాకా బట్టలు తీసేసి, వెలుతురు బాగా ఉన్న చోట నిలబడండి. చేతులు కిందికి వదిలి ఒకసారి, రెండు చేతులూ తల పైకి ఎత్తి ఒకసారి, తర్వాత నడుము మీద చేతులు పెట్టి గట్టిగా లోపలికి నొక్కుతూ ఒకసారి, చివర్లో కాస్త ముందుకు వంగి ఒకసారి చూడండి. ఇన్ని భంగిమలెందుకంటే, లోపల ఏదైనా చర్మాన్ని పట్టి లాగుతుంటే మామూలుగా నిలబడినప్పుడు కనిపించకపోవచ్చు. చేయి ఎత్తినప్పుడో ఛాతీ కండరం బిగిసినప్పుడో అక్కడ సొట్ట పడుతుంది. ఆ సొట్ట, ఒక వైపు ఆకారం మారడం, చర్మం మందమై సన్నటి గుంటలు పడడం, తగ్గని ఎరుపు, చనుమొన దిక్కు మారడం, వీటి కోసం చూడండి. స్ట్రెచ్ మార్కులు, బ్రా అచ్చులు, పైకి కనిపించే నీలం నరాలు రెండు వైపులా ఉంటే వాటిని వదిలేయండి.

తర్వాత చేత్తో

మంచం మీద వెల్లకిలా పడుకుని, ఎడమ భుజం కింద మడిచిన టవల్ పెట్టుకుని, ఎడమ చేయి తల కింద పెట్టుకోండి. అలా పడుకుంటే రొమ్ము ఛాతీ మీద పలచగా పరుచుకుంటుంది, లోపల ఏముందో వేళ్లకు సులువుగా అందుతుంది. ఇప్పుడు కుడి చేతి మధ్య మూడు వేళ్లు కలిపి, వేళ్ల కొసలతో కాకుండా కొసల వెనకుండే మెత్తటి భాగంతో, చిన్న చిన్న సున్నాలు చుడుతూ నొక్కండి. ఒక్కో చోట మూడు సార్లు, మొదట చర్మం కింద మాత్రమే తగిలేలా తేలిగ్గా, తర్వాత ఇంకాస్త లోతుగా, చివరికి పక్కటెముక వేలికి తెలిసేంత గట్టిగా. వేళ్లు ఎత్తకుండా పక్కకు జరుపుకుంటూ పోవాలి. చంక నుంచి మొదలుపెట్టి పైకీ కిందికీ గీతలు గీసినట్టు, కాలర్ బోన్ నుంచి రొమ్ము కింది మడత దాకా, ఛాతీ మధ్య ఎముక వచ్చేవరకు. చేతికి కాస్త నూనో లోషనో రాసుకుంటే వేళ్లు జారుతూ వెళ్తాయి. అలాగే రెండో వైపు.

ఎక్కువమంది తప్పుచేసేది రెండు చోట్ల. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పిండి చూస్తారు, అలా పట్టుకుంటే ఎవరి రొమ్మైనా గడ్డలాగే తగులుతుంది. ఇక చంకలో చూసేటప్పుడు చేయి పూర్తిగా పైకెత్తి చూస్తారు, అప్పుడు కండరం బిగుసుకుని లోపలిది ఏదీ అందదు. కూర్చుని, చేయి కాస్త కిందికి వదులుగా ఉంచి, వేళ్లు చంక పైదాకా పోనిచ్చి ఛాతీ గోడకు ఆనించి కిందికి జార్చండి. చనుమొనను పిండాల్సిన పని అసలు లేదు.

ఏదైనా తగిలితే ఫోన్‌లో రాసుకోండి. డాక్టర్లు రొమ్మును గడియారం ముఖంలా అనుకుని చెబుతారు, మీరూ అలాగే 'కుడి రొమ్ము, పది గంటల చోట, చనుమొనకు రెండు వేళ్ల దూరంలో' అని, తేదీ, పీరియడ్స్ ఎన్నో రోజు అని రాసి పెట్టుకుంటే ఆసుపత్రిలో తడుముకోనక్కర్లేదు.

నొప్పి ఒక్కటే ఉంటే

అమ్మాయిలు ఎక్కువగా కంగారుపడేది దీనికే, నిజానికి తక్కువ కంగారుపడాల్సిందీ దీనికే. గడ్డ లేకుండా, ఇంకే మార్పూ లేకుండా నొప్పి ఒక్కటే ఉంటే అది క్యాన్సర్ కావడం చాలా అరుదు. పీరియడ్స్‌కు వారం పది రోజుల ముందు మొదలై, రెండు వైపులా బరువుగా లాగుతూ, పీరియడ్స్ రాగానే తగ్గే నొప్పి హార్మోన్లది. రెండు నెలలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుంటే మీకే అర్థమైపోతుంది. పట్టి ఉంచే బ్రా వేసుకోవడం, అవసరమైతే పారాసిటమాల్, నొప్పి ఉన్న చోట డైక్లోఫెనాక్ జెల్, వీటితో చాలామందికి సర్దుకుంటుంది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్ క్యాప్సూల్స్ చాలామంది వాడతారు కానీ, పరీక్షించి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు.

కొన్నిసార్లు నొప్పి అసలు రొమ్ముదే కాదు, పక్కటెముకలదో కండరానిదో అయ్యుంటుంది. పక్కకు తిరిగి పడుకోండి, రొమ్ము పక్కకు జారాక కింద ఉన్న ఎముకను వేలితో నొక్కండి. సరిగ్గా అదే నొప్పి 'అమ్మో' అనిపిస్తే అది ఎముకల సంగతే. జిమ్‌లో కొత్తగా చేరినప్పుడు, బరువైన బ్యాగు ఒకే భుజానికి మోసినప్పుడు ఇది ఎక్కువ. ఒకే చోట, పీరియడ్స్‌తో సంబంధం లేకుండా, వారాల తరబడి తగ్గని నొప్పి అయితే చూపించుకోండి.

గడ్డ తగిలితే

పీరియడ్స్‌కు ముందు వారంలో తగిలితే, అవి వచ్చి తగ్గాక మళ్లీ ఒక్కసారి చూడండి. పోతే సరే. పోకపోతే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇంకో నెల చూద్దాం అనుకోవద్దు. గట్టిగా, కదలకుండా ఉన్నా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, ఒక వైపు చనుమొన మీద మాత్రమే గజ్జిలా పొలుసులు రేగి ఆయింట్‌మెంట్‌కు మానకపోయినా, చంకలో గడ్డ తగ్గకుండా ఉన్నా పీరియడ్స్ దాకా కూడా ఆగనక్కర్లేదు, ఆ వారంలోనే వెళ్లండి.

ఎవరి దగ్గరికి? గైనకాలజిస్టుతో మొదలుపెట్టవచ్చు, రొమ్ము జబ్బులు బాగా చూసే సర్జన్ ఉంటే నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లవచ్చు. పరీక్షించేటప్పుడు పక్కన నర్సునో మీ వాళ్లనో ఉండమని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. ఎప్పుడు గమనించారు, పెరిగిందా, పీరియడ్స్‌తో మారుతోందా, ఏం మందులు వాడుతున్నారు, గర్భం వచ్చే అవకాశం ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఇవి అడుగుతారు.

ముప్పై లోపు వాళ్లకు మొదట చేసేది మామోగ్రామ్ కాదు, అల్ట్రాసౌండ్. చిన్న వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గ్రంథులూ తెల్లగానే, గడ్డలూ తెల్లగానే కనిపించి తేడా తెలియదు. అల్ట్రాసౌండ్‌లో నీటి తిత్తా, ఘనమైన గడ్డా అన్నది తేలిపోతుంది, రేడియేషన్ కూడా ఉండదు. రిపోర్టులో 'బైరాడ్స్' అని ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసి హడలిపోకండి. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది ప్రమాదం లేనిది, 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు కానీ సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేసి చూడాలి. 4, 5 వస్తే బయాప్సీ. 0 అంటే సున్నా ప్రమాదం అని కాదు, ఇంకా పరీక్షలు కావాలని. 3 వచ్చి ఊపిరి పీల్చుకుని, ఆ ఆరు నెలల స్కాన్ సంగతి మర్చిపోయేవాళ్లు ఉంటారు, స్కాన్ సెంటర్ నుంచి బయటికి రాకముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి.

బయాప్సీ అంటే ఆ చోట మొద్దుబార్చి, లావుపాటి సూదితో సన్నటి ముక్క తీయడం. పెద్ద కోతేమీ ఉండదు, చాలావరకు అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు, రెండు మూడు రోజులు కమిలిన నొప్పి ఉంటుంది. సూది పెడితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయంతో వాయిదా వేసేవాళ్లున్నారు, ఆ భయం పెట్టుకోకండి. వాయిదాతోనే అసలు నష్టం.

ఈ వయసులో ఎక్కువగా తేలేది ఫైబ్రోఅడినోమా. నున్నగా, రబ్బరులా ఉండి, నొక్కితే గోళీ జారినట్టు వేలి కింద నుంచి తప్పించుకుపోతుంది, నొప్పి సాధారణంగా ఉండదు. ఇది క్యాన్సర్ కాదు, మామూలు ఫైబ్రోఅడినోమా క్యాన్సర్‌గా మారిపోతుందని భయపడక్కర్లేదు. చిన్నదైతే తీయనక్కర్లేదు, కొన్ని వాటంతటవే కుదించుకుపోతాయి కూడా. వేగంగా పెరుగుతున్నా, బాగా పెద్దదైనా, ఇబ్బంది పెడుతున్నా, బయాప్సీలో అనుమానం మిగిలినా తీసేస్తారు. చేతికి తగిలిన తీరు చూసి మీకు మీరే 'ఇది ఫైబ్రోఅడినోమాయే' అని తేల్చేసుకోకండి, జారే గడ్డలన్నీ అవే కావాలని లేదు. డాక్టరు స్కాన్ లేకుండా చేత్తో చూసి 'చిన్న వయసు, ఏమీ లేదు' అని పంపేస్తే, గడ్డ అలాగే ఉంటే, స్కాన్ రాయమని అడగండి, రాయకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

చనుమొన నుంచి ఏదైనా కారితే

పిండితేనే వచ్చే పసుపు, ఆకుపచ్చ చుక్కలు, రెండు వైపులా, చాలా రంధ్రాల నుంచి వచ్చేవి సాధారణంగా ప్రమాదం లేనివి. పిండడం ఆపేయండి, పదేపదే పిండుతుంటే అదే ఆగకుండా వస్తుంది. దానంతటదే, ఒక వైపు, ఒకే రంధ్రం నుంచి, రక్తంలా గానీ నీళ్లలా గానీ వస్తే చూపించుకోవాలి. గర్భం, పాలివ్వడం ఏదీ లేకుండా రెండు వైపులా పాలు వస్తుంటే ముందు గర్భ పరీక్ష, ఆపైన ప్రొలాక్టిన్ (పాలు ఊరేలా చేసే హార్మోన్), థైరాయిడ్ రక్త పరీక్షలు చేయిస్తారు. వాంతులకూ గ్యాస్‌కూ వాడే డోంపెరిడోన్, కొన్ని మానసిక వైద్యం మందులు కూడా ఇలా చేస్తాయి, కాబట్టి వాడుతున్న మాత్రల పేర్లన్నీ చెప్పండి. సిగరెట్ తాగేవాళ్లకు చనుమొన పక్కన చీము గడ్డలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, మానేయకపోతే ఆపరేషన్ చేసినా తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు

ఈ రోజుల్లో రొమ్ము పూర్తిగా మారిపోతుంది, పాల గడ్డలు మామూలే. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు, పాలివ్వడం చాలావరకు ఆపనక్కర్లేదు. కానీ మందులు వాడినా ఎరుపు తగ్గకపోయినా, పాల గడ్డే అనుకున్నది ఒకటి రెండు వారాలకు కూడా కరగకపోయినా అల్ట్రాసౌండ్ చేయించాలి, గర్భంలో కూడా అది భయం లేకుండా చేయించుకోవచ్చు. 'పాలేలే' అన్న మాట మీద నెలలు గడిపేయకూడదు.

అలవాట్ల సంగతి

బ్రా వల్ల, నల్ల రంగు బ్రా వల్ల, డియోడరెంట్ వల్ల, ఫోన్ బ్రాలో పెట్టుకోవడం వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. దెబ్బ తగిలినా రాదు, దెబ్బ వల్ల లోపలి కొవ్వు గట్టిపడి గడ్డలా తగలొచ్చు, అదీ స్కాన్ చేసి చూడాల్సిందే. మద్యం మాత్రం నిజంగానే ప్రమాదాన్ని పెంచుతుంది, రోజుకు ఒక్క గ్లాసైనా కొద్దిగా పెంచుతుంది. వ్యాయామం తగ్గిస్తుంది, బిడ్డకు ఎక్కువ కాలం పాలివ్వడమూ తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంత కాలం కాస్త పెరుగుతుంది. డెన్మార్క్‌లో 2017లో వచ్చిన అధ్యయనం లెక్కన హార్మోన్ గర్భనిరోధకాలు ఏడాది వాడిన 7,690 మందిలో ఒకరికి అదనంగా వస్తుంది, చిన్న వయసువాళ్లలో అంతకంటే తక్కువ. మానేసి భయపడేంత లెక్క కాదిది, ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే మాత్రం డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇంట్లో ఎవరికైనా ఉంటే

అమ్మ, అమ్మమ్మ, పిన్ని సంగతి అందరూ అడుగుతారు, నాన్న వైపు ఎవరూ అడగరు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం నాన్న నుంచి కూడా అంతే తేలిగ్గా వస్తుంది, కాబట్టి మేనత్తలు, నాయనమ్మ సంగతి కూడా కనుక్కోండి. ఎవరికి, ఏ వయసులో, ఒక వైపా రెండు వైపులా, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా, ఇంట్లో మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఉందా, ఇవి అడిగి రాసుకోండి. పెద్దవాళ్లు ఈ మాట ఎత్తడానికి ఇష్టపడకపోవచ్చు, 'డాక్టరు అడిగారు' అంటే చెబుతారు. నిజానికి రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే, కానీ ఆ లోపం ఉన్నవాళ్లకు దారి వేరు, 25 ఏళ్ల నుంచే ఏటా ఎంఆర్‌ఐ చేస్తారు. చిన్నప్పుడు ఇంకేదైనా క్యాన్సర్‌కు ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్నవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. జన్యు పరీక్ష చేయించాలనుకుంటే, వీలైతే ముందు జబ్బు వచ్చిన మనిషికి చేయించాలి. వాళ్లలో ఏ లోపం ఉందో తేలితే మీలో అది ఉందో లేదో కచ్చితంగా చెప్పగలరు. అది తెలియకుండా మీకు మాత్రమే చేయించి 'ఏమీ లేదు' అని వస్తే, ఆ ఫలితం మీద పూర్తిగా ఆధారపడలేం.